చక్రాల జ్వరం

అమెరికాలోని నోవైలో మా పక్కింటి అంకుల్ పాత స్పోర్ట్స్ కారు కొన్నారు. రేస్ ట్రాక్‌లో నడపడానికి ఏ బ్రేక్ ప్యాడ్లు మంచివో చలికాలమంతా వీడియోలు చూశారు. మామూలువి చాలన్న మెకానిక్ మీద అలిగి, బాగా వేడెక్కితే తప్ప పట్టని రేసింగ్ ప్యాడ్లు వేయించారు.

మర్నాడు ఆంటీని గుడికి తీసుకెళ్తూ, రివర్స్‌లో వచ్చి మా ఇంటి ముందు మెయిల్‌బాక్స్ స్తంభాన్ని పడగొట్టారు. దిగి, పిల్లలకి జ్వరం చూసినట్టు చక్రానికి చెయ్యి ఆనించి, "ఇంకా వేడెక్కలేదమ్మా" అన్నారు నాతో. ఆంటీ వచ్చి మా కార్లో కూర్చున్నారు.

ఆ తర్వాత ఎక్కడికి బయల్దేరినా, అంకుల్ ముందు బ్రేకులు తొక్కుతూ వీధంతా తిరిగొచ్చి, చక్రాల జ్వరం చూసేవారు.

"ట్రాక్‌కి ఎప్పుడంకుల్?" అని ఒకసారి అడిగాను.

"అక్కడికా? అందరూ మరీ స్పీడ్‌గా నడుపుతారమ్మా" అన్నారు.