ఐదో ముత్తైదువ

ఈ రోజు లాల్‌దర్వాజాలో మా పక్క వాటా పద్మ చెల్లెలికి పుట్టింటి దీవెనగా కొంగులో ఒడిబియ్యం పోశారు. ఐదుగురు ముత్తైదువలు పోయాలి. ఐదో మనిషిగా పద్మ లేవగానే వాళ్ల పెద్దమ్మ ఆపింది.

“నువ్వు కూసో బిడ్డా.”

“ఏంది పెద్దమ్మా, నా మొగడు బయట కుర్చీలేస్తలేడా?”

“మొగోళ్లే కాదు, ఆడోళ్లు గూడ నచ్చుతరని నువ్వే అందరికి చెప్తివి. నీ కాపురం ఎన్నొద్దులుంటదో ఎవరికెరుక?”

“తొమ్మిదేండ్లాయె గదా పెద్దమ్మా!”

ఆవిడ వినలేదు. భర్త ఎప్పుడో వదిలేసి పోయిన ఎదురింటావిడను పిలిపించింది. పద్మ లోపలికి వెళ్లిపోయింది.

నాలుగో ముత్తైదువగా అప్పటికే నా దోసిట్లో బియ్యం ఉన్నాయి. శుభకార్యంలో లొల్లి ఎందుకని నేనూ పోసేశాను. అది మర్యాదో, పిరికితనమో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మీరైతే పోసేవారా?