ట్రాక్ ఆగిపోయిన పాట

మధ్యాహ్నం తెనాలిలో నేను పనిచేసే కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ తలుపు దగ్గరగా వేసి క్యారేజీ విప్పేసరికి బాపట్ల నుంచి అక్క ఫోన్ వచ్చేది. "ఏమే, తిన్నావా?" అంతే, ఇంకేం ఉండదు. మూత కూడా తియ్యలేదే తల్లీ అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు అదే వేళకి మెసేజ్ వస్తుంది, తిన్నావా అని. గొంతులో జబ్బు చేసి డాక్టర్లు అక్కకి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆ మెసేజ్ చూడగానే నాకు అన్నం సహించదు. తిన్నాననే కొడతాను.

ఆ గొంతు మీద బెంగ నా ఒక్కదానిదే కాదు. బాపట్లలో వాళ్ళ చర్చిలో ఆదివారం అక్క పాడకపోతే జనానికి ఆరాధన అయినట్టే ఉండేది కాదు. హార్మోనియం వాయించేవాళ్ళు తగ్గిపోయి మా చర్చిల్లో ఇప్పుడు చాలామంది ట్రాక్ మీదే పాడుతున్నారు. ట్రాక్ అంటే, ఆల్బమ్ చేసినవాళ్ళు గాయకుల గొంతు తీసేసి వాయిద్యాలు మాత్రం ఉంచి ఇచ్చే సంగీతం. స్పీకర్లో అది పెట్టుకుని మైకు పట్టుకోవడమే. అక్క పాడుతుంటే బావ ముందు వరసలో నిలబడి ఫోన్లో తీసేవాడు. ఇంటికొచ్చాక అన్నానికి కూర్చోకముందే వీడియో సైట్లో పెట్టేవాడు. పెట్టాక ఏం చేసేవాడో తెలుసా? ఫోన్లో ఉన్నది చెరిపేసేవాడు.

"ఫోన్ నిండిపోతోంది అమ్మాయ్. అయినా ఇంటర్నెట్లో ఉందిగా, ఎక్కడికి పోద్ది?" అనేవాడు.

ఎక్కడికి పోద్దా! అక్క ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే పోయింది. ఆ ట్రాకుల హక్కులు ఏదో సంగీత కంపెనీ చేతికి వెళ్ళాయట. మా సంగీతం అనుమతి లేకుండా వాడారంటూ సైట్ వాళ్ళకి ఫిర్యాదుల మీద ఫిర్యాదులు పెట్టారు. బావకి ఈమెయిల్ చూసే అలవాటే లేదు. ఆస్పత్రి తిరుగుళ్ళలో అసలే చూడలేదు. చూసేనాటికి ఛానెల్ మూసేశారు. అక్క ఏళ్ళ తరబడి పాడినవన్నీ ఒక్క దెబ్బకి మాయం.

"డబ్బులిచ్చే కొన్నామండీ ట్రాకులు! ఊరికే తెచ్చుకోలేదు!" అని బావ ఫోన్ని ఎదురుగా పెట్టుకుని అరిచాడు, అవతల ఎవరో మనిషి ఉన్నట్టు. కొన్నది పాడుకోవడానికే గానీ లోకమంతా పంచడానికి కాదు బావా అని చెప్పబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను.

కంపెనీని నోరారా తిట్టాను, దాచడం ఎందుకు. కోపం చల్లారాక చూస్తే ఆ సంగీతం వాళ్ళదే మరి. ఎవరో కూర్చుని తబలా వాయించారు, ఎవరో వయొలిన్ వాయించారు, వాళ్ళ కష్టం వాళ్ళకి ఉంటుంది. కానీ గొంతు మా అక్కది కదా! సైట్లో అభ్యంతరం చెప్పుకునే పేజీలో ఆ ముక్క అడిగే గడే లేదు. ఉన్న చోటులోనే ఇరికించి రాశాను. కుదరదని జవాబు వచ్చింది. అక్కకి ఆ సంగతి చెప్తే మెసేజ్ పెట్టింది. "నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రావట్లేదే." ల్యాబ్‌లో పిల్లలు ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను.

ఇక లాభం లేదని మా ఇంట్లో మూలపడి ఉన్న పాత కంప్యూటర్ దులిపాను. ఎవరో పుణ్యాత్ములు రాసి, కోడ్ మొత్తం బయటపెట్టి, ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండి అని వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని ఎక్కిస్తే పాటలూ వీడియోలూ మన ఇంటి కంప్యూటర్లోనే ఉంటాయి, ఇంట్లోవాళ్ళు తమ ఫోన్లలో తెరుచుకుని చూసుకోవచ్చు. బాపట్లలో అక్కావాళ్ళింటికి తీసుకెళ్ళి బియ్యం డ్రమ్ము పక్కన పెట్టాను.

"అంటే మనదే ఒక సైటా?" అన్నాడు బావ.

"సైటూ కాదు, లోకానికి కనపడేదీ కాదు. మన బీరువా అనుకో బావా. తాళం మన దగ్గరే."

బీరువా అయితే తయారైంది. పెట్టడానికే ఏమీ లేదు. అక్క పాటలు ఎవరి దగ్గరున్నా పంపండని ఫ్యామిలీ గ్రూపులో వేడుకున్నాను. "నా దగ్గర భద్రంగా ఉందమ్మా" అన్నారు చెరుకుపల్లి మామయ్య. "దాచుకోకుండా ఉంటామా వదినా" అంది ఇంకొకావిడ. తీరా పంపినవి చూస్తే అన్నీ లింకులే! ఏది నొక్కినా మూసేసిన ఛానెలే. అందరూ బావలాంటివాళ్ళే, నాతో సహా.

ఆఖరికి రేపల్లె పిన్ని ఫోన్ చేసింది. "నా పాత ఫోన్లో ఒకటుందే. కానీ అది పాట కాదు, పాడైపోయిన ప్రాక్టీసు." ఆ మాట విని ఆ పూటే రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. ఒక ఏడాది పిన్ని వాళ్ళ రేపల్లె చర్చిలో పాడమని పిలిస్తే వెళ్ళి, అక్క క్రిస్మస్‌కి ముందు ప్రాక్టీసు చేస్తుంటే కరెంటు పోయి ట్రాక్ ఆగిపోయింది. అక్క ఆ కాసేపూ వాయిద్యం లేకుండానే పాడింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. పిన్ని తన ఫోన్లో తీసింది గానీ, ట్రాక్ లేకుండా ఏం బాగుంటుందని బావ దాన్ని సైట్లో పెట్టలేదు. పెట్టి ఉంటే పిన్నీ ఫోన్లోంచి చెరిపేసేదే. పెట్టలేదు కాబట్టే మిగిలింది.

ఆదివారం బాపట్లలో ఆ ఒక్క ఫైలూ ఎక్కించి, అక్క చేతికి ఫోన్ ఇచ్చాను. మొదట ట్రాక్ సంగీతం, అది ఠక్కున ఆగడం, పిల్లల గోల. ఆ గోలలోంచి అక్క.

"పోయిందా! ఇంక వచ్చినట్టే కరెంటు." పెద్దగా నవ్వు. "ఏమే, పొద్దుననగా వచ్చావు, తిన్నావా? సంచిలో పులిహోర ఉంది చూడు."

ఆ వెంటనే పాట అందుకుంది. మా అమ్మమ్మ పాడిన పాత కీర్తన. వెనక తబలా లేదు, వయొలిన్ లేదు. బావ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అక్క కళ్ళు మూసుకుని వింది, పెదాలు కదుపుతూనే ఉంది.

పాట అయిపోయాక అక్క వేలితో వెనక్కి జరిపింది. పాట దగ్గరికి కాదు, దానికి ముందున్న మాటల దగ్గరికి.

"ఏమే, పొద్దుననగా వచ్చావు, తిన్నావా?"

ఆ రోజు నేనేం చెప్పానో అందులో వినపడదు. ఎప్పటిలా విసుక్కునే ఉంటాను. అక్క తలెత్తి నా వైపు చూసింది.

"తిన్నానక్కా," అన్నాను.

అక్క మళ్ళీ వెనక్కి జరిపింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను.