నా స్క్రీన్ మీద నిండిన ఎఫ్ బ్లాకు ట్యాంకు

నా తెలివితేటల పుణ్యమా అని కొండాపూర్‌లో ఒక బ్లాకు మొత్తం ఓ ఉదయం స్నానాల్లేకుండా నిలబడింది. చెబుతాను, ముందే నవ్వకండి.

అప్పుడు హైటెక్ సిటీలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో ఐదు బ్లాకుల ట్యాంకులకు సెన్సార్లు పెట్టి, నీటిమట్టాన్ని బట్టి మోటార్లు వాటంతటవే నడిచేలా చేశాం. అందరూ ఒకే వేళకు ఆఫీసులకు వెళ్లేవాళ్లు కాబట్టి ఐదు ట్యాంకులూ ఇంచుమించు ఒకేలా తగ్గేవి. అందుకని ఏ సెన్సారైనా పక్కవాటికి భిన్నంగా చెబితే అది పొరపాటేనని తీర్మానించి, పక్కవాటి సగటుకు సర్దేసే ప్రోగ్రాం రాశాను. నెలల తరబడి చక్కగా పనిచేసింది. నాకు కొమ్ములొచ్చాయి. చేత్తో మోటారు వేసే స్విచ్చులు పాత చింతకాయ పచ్చడని పీకించేశాను.

తర్వాత ఎఫ్ బ్లాకు వచ్చింది. దాని తీరు నాలుగు రోజులు గమనించకుండానే పాత ఐదింటితో కలిపేశాను. అక్కడ కొత్తగా దిగినవాళ్లు పొద్దస్తమానం ఇళ్లు కడుగుతున్నారని నాకేం తెలుసు?

ఓ ఉదయం వాచ్‌మన్ యాదయ్య ఫోను.

"సార్, ఎఫ్ ట్యాంకుల సుక్క నీళ్లు లెవ్వు. మోటరు నడుస్తలేదు."

"నిండుగా ఉంది యాదయ్యా, చూస్తున్నాగా."

"నేను ట్యాంకు మీదనే ఉన్న సార్."

"స్క్రీన్ తప్పు చెప్పదు."

"గట్లయితే జర ఆ స్క్రీన్లకెళ్లి రెండు బకెట్లు పంపుండ్రి."

పరుగెత్తాను. అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీగారు గేటు దగ్గరే ఉన్నారు. "సాయంత్రానికల్లా మీ సెన్సార్లన్నీ తీసుకుపోండి" అన్నారు. నా ఉద్యోగమూ వాటితోనే పోయేలా ఉంది. అక్కడే లాప్‌టాప్ తెరిచి చూశాను. కొత్త సెన్సారు పాపం రాత్రి నుంచి సున్నా, సున్నా అని నిజమే చెబుతోంది. నా ప్రోగ్రామే దాన్ని అబద్ధాలకోరుగా లెక్కకట్టి, పక్క ట్యాంకుల సగటు వేసి నిండుగా చూపించింది. దాంతో మోటారు కదల్లేదు.

లాప్‌టాప్ నుంచే మోటారు వేసి, ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాను. తలకి కుంకుడు రసంతో, భుజాన తువ్వాలుతో నిలబడ్డ ఎఫ్ బ్లాకు కాంతమ్మగారు అంతా శ్రద్ధగా విన్నారు.

"అంటే మా ట్యాంకులో నీళ్లెన్నో పక్క బ్లాకుల్ని అడిగి చెబుతున్నారన్నమాట."

"అవునండి."

"అయితే నా తలస్నానం కూడా వాళ్లలో ఎవరో ఒకరు చేసేసే ఉంటారు బాబూ, వెళ్లి సగటు చూసి చెప్పండి."

సెక్రటరీగారు కూడా పగలబడి నవ్వారు. దాంతో సెన్సార్లు నిలిచాయి, నా ఉద్యోగమూ నిలిచింది. ట్యాంకు నిండేదాకా పక్క బ్లాకు నుంచి బకెట్లు మోసే పని మాత్రం నాకే పడింది.

ఆ బకెట్ల సాక్షిగా ఒట్టు వేసుకున్నాను: సెన్సార్ల నెట్‌వర్క్‌లోకి ఎవరు కొత్తగా వచ్చినా, వాళ్ల సంగతి ముందు వాళ్లనే అడుగుతాను. అప్పటికీ అనుమానం తీరకపోతే నిచ్చెనెక్కి మూత తీసి చూస్తాను.