స్టీరింగుకూ పొట్టకూ మధ్య

ట్రావెల్స్ షెడ్డులో అందరూ ఆయన్ని మలుపుల బాబాయి అంటారు. కొండ దారి ఎన్ని మెలికలు తిరిగినా, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళ చేతిలో టీ తొణక్కుండా టూరిస్టు బస్సు తిప్పగలడని ఆ పేరు. మైదానంలో బండి నడపడం ఆయన దృష్టిలో పని కాదు, కాలక్షేపం. లోయ వైపు చక్రాన్ని అంచుకు పోనివ్వకుండా, ఎదురొచ్చే లారీకి దారిచ్చి, సరైన చోట గేరు మార్చి పైకి చేరినప్పుడు కలిగే తృప్తి ఆయనకు ఇంకెక్కడా దొరకదు.

అయితే ఒక విడ్డూరం ఉంది. ఇన్నేళ్ళుగా జనాన్ని కొండల దగ్గరికి మోసుకెళ్ళాడే గానీ, ఒక్క కొండా తాను ఎక్కలేదు. కోట, జలపాతం, గుహలు, ఏది అడిగినా పార్కింగు ఎక్కడుందో, మధ్యాహ్నం నీడ ఏ వైపు పడుతుందో చెప్పేవాడు. పైన ఏముందని అడిగితే మాత్రం, "ఏముంటుంది, గాలి ఉంటుంది. అందరూ జుట్టు రేగిపోయి దిగుతారు," అనేవాడు. జనం ఎక్కి దిగేదాకా ఆయన వెనక సీట్లో కాళ్ళు చాపుకుని నిద్రపోయేవాడు.

ఇక తిండి. దారి పక్క హోటళ్ళకు ఒక పద్ధతి ఉంది. బస్సు నిండా గిరాకీ తెచ్చి దింపిన డ్రైవరు దగ్గర డబ్బు పుచ్చుకోరు. వంటింటి పక్కన డ్రైవర్ల గది అని ఒకటి ఉంటుంది. అక్కడ అడక్కుండానే వడ్డిస్తారు. నూనెలో తేలినవీ, పాకంలో మునిగినవీ, మీగడ కట్టినవీ. వద్దంటే హోటలువాడు చిన్నబుచ్చుకుంటాడు. డ్రైవరు పళ్ళెం నిండితేనే బస్సు మళ్ళీ అక్కడ ఆగుతుందని వాళ్ళ నమ్మకం. అలా మర్యాద మీద మర్యాద పేరుకుని, బాబాయి పొట్ట స్టీరింగును తాకింది. ఆయన సీటు వెనక్కి జరిపాడు. పొట్ట ముందుకొచ్చింది. మళ్ళీ జరిపాడు. చివరికి సీటు ఇంక జరగడానికి చోటు లేక, క్లచ్చు కాలి వేళ్ళ కొసలతో తొక్కాల్సి వచ్చింది.

ఆ కంపెనీలో కొండ దారి బస్సులు నడిపేవాళ్ళు ఏటా డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆయన పాత సర్టిఫికెట్‌కు ఇంకా మూడు నెలల గడువుండగా, ఎందుకైనా మంచిదని ముందే వెళ్ళాడు. డాక్టరమ్మ రిపోర్టు చూసి కలం మూత పెట్టేసింది.

"బీపీ, షుగరూ పోటీ పడి పెరిగాయి. ఇలా ఉంటే నేను సంతకం పెట్టలేను. మిమ్మల్ని ఒక్కరినే కాదు కదా నేను పైకి పంపేది, మీ వెనక బస్సెడు మంది ఉన్నారు. ఈ మందులు వాడండి, తిండి మార్చండి, నడవండి. గడువు లోపల తగ్గితే సంతోషం. లేకపోతే ఊళ్ళో బస్సు నడుపుకోండి."

కబురు ఆయన కంటే ముందే షెడ్డుకు చేరింది. ఓనరు భుజం మీద చెయ్యేసి, "దిగులెందుకు బాబాయ్, ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు ఉండనే ఉంది. పొద్దున ఎక్కించు, సాయంత్రం దించు. దారి గీత గీసినట్టుంటుంది," అన్నాడు.

"గీత గీసినట్టుంటే నాకు నిద్రొస్తుంది సార్," అన్నాడు బాబాయి.

ఇంటికొచ్చేసరికి ముందు గదిలో భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కంపెనీ బస్సులకు సీటు కవర్లు, కర్టెన్లు కుట్టేది ఆవిడే. సంగతి విని మిషను ఆపకుండానే, "పోయినసారి నీ సీటు కవరు వెడల్పు చేసినప్పుడే చెప్పా, మార్చాల్సింది కవరు కాదని," అంది.

బడిలో సైన్సు చెప్పే కూతురు నెలల పిల్లతో పుట్టింట్లోనే ఉంది. పిల్ల నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, ఏడిస్తే ఎందుకేడుస్తోందో అని తానూ ఏడుస్తుంది. ఇప్పుడు ఆ భయానికి తండ్రి కూడా తోడయ్యాడు. ఒక కన్ను పిల్ల మీద, ఒక కన్ను రిపోర్టు మీద పెట్టి అంది:

"నాన్నా, లోపలికి వెళ్ళిన శక్తి ఖర్చవకపోతే ఎక్కడికీ పోదు. ఏదో ఒక రూపంలో ఉండిపోతుంది. నీ దగ్గర ఏ రూపంలో ఉందో కనిపిస్తూనే ఉంది."

"ఆ పాఠం మీ బడి పిల్లలకు చెప్పు."

"వాళ్ళు ఒక్కసారి చెప్తే వింటారు."

"నడవడానికి నాకు తీరికెక్కడిదే? ఎప్పుడూ రోడ్డు మీదే కదా ఉండేది."

"నువ్వు బస్సు ఆపే చోట నడవడానికి జనం డబ్బు కట్టి మరీ వస్తారు నాన్నా. వాళ్ళు ఎక్కి దిగేదాకా నువ్వేం చేస్తావు?"

మిషను దగ్గర నుంచి భార్య అందుకుంది: "పడుకుంటాడు. గాడిదకేం తెలుసే గంధపు చెక్కల వాసన."

ఆ మాట ఆయనకు ములుకులా దిగింది. బాబాయి ఏదైనా అనుకునే దాకానే ఆలస్యం, అనుకున్నాక ఉడుంపట్టు. కాకపోతే ఆ పట్టు ఎక్కడ పట్టాలో మొదట తెలియలేదు. తింటే పెరిగిందంటే తినకపోతే తగ్గుతుందని తనకు తానే తేల్చేసుకున్నాడు. మరుసటి ట్రిప్పులో ఉదయం షుగరు మాత్ర వేసుకుని, డ్రైవర్ల గది వైపు కన్నెత్తి చూడకుండా, ఖాళీ కడుపుతో కోట కొండ కింద బస్సు ఆపాడు. జనం దిగారు. లోపలి సామాను భద్రమని తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, వాళ్ళ వెనకే మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

సగం దూరం పోయేసరికి చెమటలు పట్టాయి. ఎండ చెమట కాదు, చల్లటి చెమట. మెట్లు రెండేసిగా కనిపించాయి. గోడను పట్టుకుని కూలబడ్డాడు. వెనకాల వస్తున్న ఒక ముసలావిడ ఆయన్ని గుర్తుపట్టింది.

"ఏం నాయనా, మా బస్సు నడిపేది నువ్వే కదూ? నువ్వు పడిపోతే మమ్మల్ని ఇంటికెవరు చేరుస్తారు? ఇదిగో, ఈ తీపి బిస్కట్లు తిను. మాట్లాడకు, తిను."

ఆయన తిన్నాడు. ఆవిడ తన నీళ్ళు కూడా తాగించి, వెళ్ళమన్నా వెళ్ళకుండా పక్కనే కూర్చుంది.

ఈలోగా మిగతా జనం కోట చూసి, రెండో వైపు మెట్ల దారిన దిగిపోయారు. కింద బస్సుకు తాళం. నీళ్ళ సీసాలు లోపల, సంచులు లోపల, ఒక పసిబిడ్డ పాల సీసా కూడా లోపలే. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. టూరు గైడు బక్కపల్చని మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. ఆమె బాబాయికి ఫోను చేసింది. బస్సు లోపల, అద్దం వెనక, బాబాయి ఫోను హాయిగా పాట అందుకుంది. ఆమె మళ్ళీ చేసింది. అందరూ మళ్ళీ ఆ పాటే విన్నారు.

ముసలావిడ చెయ్యి పట్టుకుని ఆయన మెల్లగా దిగొచ్చేసరికి ఎవరూ తిట్టలేదు. ఆ చూపులే చాలు.

"బాబాయ్, టూరిస్టులు తప్పిపోవడం చూశా గానీ, డ్రైవరు తప్పిపోవడం ఇదే మొదలు," అంది గైడు. కానీ ఆయన ముఖం చూశాక గొంతు తగ్గించి, భోజనం తెప్పించి, బాబాయి నిదానంగా కడుపునిండా తిని తేరుకునేదాకా స్టీరింగు ముట్టుకోనివ్వలేదు.

ఓనరు మాత్రం తగ్గించలేదు. డ్రైవరు బస్సు విడిచి వెళ్ళకూడదు, అంతే, రెండో మాట లేదన్నాడు. ఇంట్లో కూతురు ఏడ్చింది, ఆమె ఏడుపుకు పిల్ల లేచి ఏడ్చింది.

"మాత్ర వేసుకుని తినకుండా కొండెక్కుతావా నాన్నా? ఒంట్లో ఉన్న కాస్త చక్కెరా అయిపోతే మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. నిన్ను తినడం మానెయ్యమన్నదెవరు? తినేది మార్చమన్నారు."

పిల్ల ఏడుపు ఆగేదాకా బాబాయి దాన్ని భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగాడు. మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, దాని మీద ఏం తినాలో, జేబులో ఏం పెట్టుకోవాలో అడిగి తెలుసుకున్నాడు. అక్కణ్ణుంచి గైడు ఇంటికి వెళ్ళాడు.

"అమ్మాయ్, నీ గుంపులో రోజూ ఎవరో ఒకరు వెనకబడతారు కదా?"

"రోజూనా? ప్రతి మెట్టు దగ్గరా. ఫోటోలు తీసుకునేవాళ్ళు, చెప్పులు తెగేవాళ్ళు, అలిగేవాళ్ళు. నేను ముందు నడవాలా, వాళ్ళను ఏరుకుంటూ వెనక నడవాలా?"

"వెనక నేను నడుస్తా. తాళంచెవి నీ దగ్గరుంటుంది. ముందు ఎక్కేదీ ముందు దిగేదీ నువ్వే కాబట్టి, ఎవరు దిగినా బస్సు తెరిచే ఉంటుంది. ఆఖరి మనిషితో నేనొస్తా."

"అయితే తల నేను, తోక మీరు."

"తోకే అనుకో."

ఇద్దరూ కలిసి ఓనరును ఒప్పించారు. ఒక్క నెల చూస్తానన్నాడు ఆయన.

భార్య గిన్నెల డబ్బా సిద్ధం చేసింది. ఉడికించిన పప్పుగింజలు, గుడ్లు, రంగురంగుల కూరగాయలు, పెరుగు. ఆ డబ్బాతో బాబాయి ఎప్పటి హోటల్లో, ఎప్పటి డ్రైవర్ల గదిలో, ఎప్పటి బల్ల ముందే కూర్చున్నాడు. మూత తియ్యగానే తోటి డ్రైవర్లు మెడలు చాచారు.

"అబ్బో, పచ్చిమేత. బాబాయ్, రేపట్నుంచి పాలు కూడా ఇస్తావా?"

"ఇస్తా. ముందు నువ్వు కుడితి గోలెం కడుగు."

నవ్వులు విని హోటలు యజమాని వచ్చాడు. ఆయనా తక్కువ మనిషి కాదు, గుమ్మంలో నిలబడితే వెలుతురు ఆగిపోతుంది. డబ్బా చూసి ముఖం ముడుచుకున్నాడు.

"ఏం బాబాయ్, పక్క హోటలువాడు ఏమన్నా ఆశపెట్టాడా? ఇన్నేళ్ళు తిని, ఇవాళ నా ఉప్పు చేదయిందా?"

"చేదు కాలేదన్నా. డాక్టరమ్మ వద్దన్నదే ఉప్పు."

అందరూ నవ్వారు, యజమాని నవ్వలేదు. "డ్రైవరు తినని చోట బస్సెందుకు ఆగుతుందయ్యా? రేపు నువ్వు అటు తిప్పవని నమ్మకమేంటి?"

బాబాయి చెంచా కింద పెట్టాడు. "కొండ దారి నా చేతిలో ఉన్నంతకాలం నా బస్సు ఇక్కడే ఆగుతుంది. అది నా చేతిలో ఉండాలంటే నేను ఈ డబ్బానే తినాలి. నీ పళ్ళేనికి లొంగి నేను స్టాఫ్ బస్సులో పడ్డాననుకో, నా బదులు వచ్చేవాడు ఎటు తిప్పుతాడో నువ్వే చూసుకో."

యజమాని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఒక పళ్ళెం నిండా కీరదోస చక్రాలు వచ్చాయి, పైన నిమ్మరసం తప్ప ఏమీ లేదు. వెనకాలే ఆయన గొంతు: "ఇది కూడా వద్దంటే మాత్రం ఊరుకోను."

ఆ తర్వాత రోజులు అంత సాఫీగా ఏం నడవలేదు. తోకగా నడవడమంటే అందరికన్నా నెమ్మదైనవాళ్ళతో నడవడం. బాబాయికి కావాల్సిందీ అదే. మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగం చాలని డాక్టరమ్మ చెప్పింది. ఆగి ఆగి ఎక్కే తాతలతో, ఎత్తుకోమని మారాం చేసే పిల్లలతో, ఆయన గుహలు చూశాడు, జలపాతం వెనక వైపు చూశాడు. నెల తిరిగేసరికి, వెనకబడ్డవాళ్ళ గొడవ తప్పిందని ఓనరు కూడా సరేనన్నాడు. చేతకాని రోజు సగంలో ఆగి, అక్కడే ఆఖరి మనిషి కోసం కాచుకున్నాడు. ఒక వానరోజు చెట్టు కూలి దారి మూసుకుపోయి, సాయంత్రమంతా హోటల్లో చిక్కుకుపోయినప్పుడు, మూకుడు వాసనకు ఓడిపోయి కడుపునిండా లాగించాడు కూడా. ఇంటికొచ్చి భార్యతో తనే చెప్పాడు.

"రేపు డబ్బా కట్టనా, వద్దా?" అని మాత్రం అడిగింది ఆవిడ.

"కట్టు. రెండు కీరలు ఎక్కువ పెట్టు."

కోట కొండ కొస దాకా ఎక్కిన రోజున పైనుంచి కూతురికి ఫోను చేశాడు. కొండెక్కిన ప్రతిసారీ చెయ్యాలని ఆమె షరతు. చెయ్యకపోతే అన్నం ముట్టదు.

"ఆయాసంగా ఉందా? నీళ్ళు తాగావా? జేబులో బిస్కట్లు ఉన్నాయా?" అని అడగాల్సినవన్నీ అడిగాక, "పైన ఏముంది నాన్నా?" అంది.

"గాలే," అన్నాడు బాబాయి. కిందికి చూశాడు. లోయలో జారవిడిచిన నాడాలా దారి పడి ఉంది. ఏ మలుపు దగ్గర గేరు మారుస్తాడో, ఎక్కడ హారను కొడతాడో అన్నీ ఇక్కణ్ణుంచి తెలుస్తున్నాయి. "నా రోడ్డు కూడా ఉంది," అన్నాడు.

గడువు రోజు వచ్చింది. షెడ్డులో ఓనరు ఎందుకైనా మంచిదని ఇంకో డ్రైవరును సిద్ధంగా ఉంచాడు. బాబాయి పొద్దున్నే డాక్టరమ్మ గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. షుగరు రిపోర్టు బాగుంది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసిన డాక్టరమ్మ మాత్రం కనుబొమలు ముడిచింది.

"ఇది తగ్గలేదే."

బాబాయి చెయ్యి అలాగే చాచి ఉంచాడు. "ఇంకొకసారి చూడండమ్మా. ఇప్పుడే మెట్లెక్కి వచ్చా."

"ఏ మెట్లు?"

"మీ ఆస్పత్రివే. ఐదంతస్తులు. లిఫ్టు ఎక్కడం మానేశా కదా."

డాక్టరమ్మ పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. "బీపీ చూపించుకునే ముందు ఎవరైనా ఐదంతస్తులు ఎక్కుతారా? పోయి బయట కూర్చోండి. నడవకండి, మాట్లాడకండి, ఏమీ ఎక్కకండి."

బయట బల్ల మీద ఆయన కదలకుండా కూర్చున్నాడు. కొండ ఎక్కడం కన్నా ఇదే కష్టమనిపించింది. మళ్ళీ పిలిచి చూస్తే, అంకె దిగాల్సిన చోటికి దిగింది. నమ్మకం కుదరక డాక్టరమ్మ ఇంకోసారి చూసి, అప్పుడు కలం మూత తీసింది.

"ఏడాదికి ఇవ్వను. ఆరు నెలలకే. మందులు ఆపకూడదు, డబ్బా ఆపకూడదు. మళ్ళీ వచ్చి చూపించుకోవాలి."

"వస్తానమ్మా. మెట్ల మీదే వస్తా. కాకపోతే కాస్త ముందొచ్చి కూర్చుంటా."

షెడ్డులో ఓనరు సర్టిఫికెట్ చదివి, రెండో డ్రైవరును స్టాఫ్ బస్సు దగ్గరికి పంపేశాడు. బాబాయి తన బస్సెక్కి కూర్చున్నాడు. స్టీరింగుకూ పొట్టకూ మధ్య ఇప్పుడు అరచెయ్యి పట్టేంత సందుంది. సీటు కింద మీట లాగి ముందుకు జరిగాడు. పాదం మొత్తం క్లచ్చు మీద ఆనింది.

కోట కొండ కింద బస్సు ఆగింది. జనం దిగుతున్నారు. బస్సు ఆఖరి మెట్టు దగ్గర గైడు నిలబడి అరచెయ్యి చాచింది.

"తాళంచెవి ఇచ్చి కొండెక్కండి బాబాయ్. ఫోను జేబులో పెట్టుకోండి."