మంద వెంట సినిమాకు

మా అక్కను చేసుకున్న బావ పట్నంలో వకీలు పరీక్ష పాసైనవాడు. నార్కట్‌పల్లికి డేరా టాకీసు వచ్చింది, అందులో కత్తియుద్ధాల సినిమా ఆడుతోందని మేము బండి కట్టే వేళకు ఆయన అక్కను తీసుకుని ఊరికి వచ్చాడు. సంచిలోంచి వారపత్రిక తీసి ఆ సినిమా మీద సమీక్ష చదివి వినిపించాడు. కొండలు అట్టవట, కథకు తలాతోకా లేదట, ఇలాంటివి గొర్రెలు తప్ప మనుషులు చూడరట. చదువుకున్న అల్లుడి మాట బాపు జవదాటడు. ఎద్దులను విప్పబోయాడు.

నా ప్రాణం ఉసూరుమంది. అయినా నోరెత్తలేదు. ఎండాకాలం గడిస్తే నన్ను పట్నంలో తన ఇంట్లో ఉంచుకుని పెద్ద బడిలో చదివిస్తానన్నది ఆ బావే. నా తెలివి మీద ఆయనకు అనుమానం వచ్చిందా, ఇక నా బతుకు గొర్రెల వెనకే తెల్లారుతుంది.

మాకు అన్నం పెట్టేవే గొర్రెలు. అవ్వ, అంటే మా అమ్మ, కొంగు బిగించి బండెక్కి కూర్చుంది.

"గొర్లు చూసే సినిమానా? మంద యాడికి పోతే మనం ఆడికి పోవాలె గద అల్లుడా," అంది.

బావ నవ్వాపుకోలేక తానూ ఎక్కాడు.

పత్రికలో రాసింది అబద్ధమేం కాదు. గుర్రం దూకితే కొండ ఊగింది. మాంత్రికుడి గడ్డం ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి. అవన్నీ నేనూ చూశాను. అయితేనేం? రాకుమారుడు అగడ్త మీద తాడు పట్టుకుని వేలాడుతుంటే అవ్వ నా చెయ్యి నలిపేసింది, నేను అక్క చెయ్యి నలిపేశాను. అంత సంతోషం అంతకుముందు ఎరగను.

తిరుగుదారిలో బావ నన్ను అడిగాడు, నచ్చిందా అని. ఆయనకు ఏ జవాబు కావాలో నాకు తెలుసు. పట్నం, బడి కళ్లముందు తిరిగాయి.

"నచ్చింది బావా. రేపు తోల్కపోతే రేపు గూడ చూస్త," అన్నాను.

బావ కంటే ముందు అవ్వే అందుకుంది.

"గొర్లయితే గంతసేపు కదలకుంట కూసుంటయా అల్లుడా? లేశి మేతకు పోవూ?"

బడి తెరిచే నాటికి బావ మాట నిలుపుకున్నాడు. పట్నంలో మొదటి ఆదివారమే ఇంకో కత్తియుద్ధాల సినిమాకు అక్కనూ నన్నూ బయలుదేరదీశాడు. దారిలో తోటి వకీలు ఎదురైతే, ఏం చేయమంటారు, ఊరి నుంచి వచ్చిన బామ్మర్ది ఒకటే పోరు పెడుతున్నాడని చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను.

లోపల రాకుమారుడు తాడుకు వేలాడగానే నా చెయ్యి నలిపేసింది మాత్రం అక్క కాదు.