అత్తగారి అంగిలి, అల్లుడి గిటారు

“దేవుడిచ్చిన గోళ్ళు పదీ ఉండగా ఆ ప్లాస్టిక్ ముక్క ఎందుకయ్యా నీకు?” అని అడిగింది అత్తగారు, పెళ్ళయిన కొత్తలో.

ఆ ముక్క పేరు పిక్. గిటారు తీగలు మీటడానికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకునేది. అది జారి సోఫా కిందికి పోయింది. కొత్తల్లుడు నేల మీద బోర్లా పడుకుని దేవులాడుతున్నాడు.

“గోరయితే అరిగిపోతుందండీ.”

“అది అరగదా?”

“అరిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు.”

“ఓహో. గోరు ఊరికే మొలుస్తుందనా నీ బాధ?”

అల్లుడు సోఫా కిందికి ఇంకాస్త దూరాడు.

అల్లుడి వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. మెట్ల కింద ఇరుకు గదిలో ఆయన దుకాణం. అరల నిండా సుద్దతో తీసిన అచ్చులు, వరసగా బోసినోళ్ళు. మూల ఒక మోటారు, దాని చివర గిర్రున తిరిగే ఉన్ని చక్రం. పొద్దుటి నుంచీ గులాబీరంగు చిగుళ్ళు గీకి, అరగదీసి, మెరుగు పెడతాడు. సాయంత్రమైతే చేతులు కడుక్కుని, హోటల్లో బామ్మర్ది పాటకి గిటారు వాయిస్తాడు. బతుకంతా నోళ్ళ మీదే నడుస్తున్నా ఆయన మటుకు పెద్దగా నోరు విప్పే మనిషి కాదు.

సంగీతం గుండెలోంచి పుడుతుందని చెప్పే పెద్దమనుషులకు కొదవ లేదు. ఆ గుండెను తీగ మీద రుద్దితే ఏం శబ్దం వస్తుందో మటుకు ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. తీగకి తగిలేది ముక్క. ముక్క పల్చనైతే అదే తీగకు తల వంచుతుంది, వంగి లేచినప్పుడల్లా టపటపమంటుంది. దళసరిగా ఉంటే తీగే తల వంచాలి. నాదం నిండుగా, బరువుగా వస్తుంది. ఇక మొన తేలిందంటే సూదిలా గుచ్చుతుంది, మొన అరిగిందంటే మెత్తబడుతుంది. ఇదేం బ్రహ్మవిద్య కాదు. అయినా పళ్ళాయనకు ఇది తలకెక్కడానికి కొలువు ఊడే రోజు రావాల్సి వచ్చింది.

ఒక సోమవారం హోటలు ఓనరు బావాబామ్మర్దుల్ని కౌంటర్ దగ్గరికి పిలిచాడు.

“చూడండీ, మీ గిటారుకీ మా చెంచాలకీ తేడా తెలియట్లేదు. నిన్న కిటికీ పక్క టేబులాయన, ప్లేట్లు తీసేవాణ్ణి కాస్త మెల్లిగా తీయమనండి అన్నాడు. అప్పుడక్కడ ఎవరూ ప్లేట్లు తీయట్లేదు. మీరే వాయిస్తున్నారు.”

బామ్మర్ది ముఖం మాడిపోయింది. “మరి నా పాటండీ?”

“పాడుతున్నావా? పెదాలు కదలడం చూశాన్లే. శనివారం దాకా చూస్తా. కుదరకపోతే పాటల పెట్టె ఒకటి కొనిపెట్టుకుంటా. అది పాట పాటకీ టీ అడగదు.”

బామ్మర్దికి పాట తప్ప వేరే పని రాదు. పాటైనా వచ్చో రాదో చెప్పడానికి ఇన్నాళ్ళూ ఎవరికీ వినబడలేదు. పళ్ళాయన సంగతి వేరు, ఆయనకు కూడు పెట్టేది పళ్ళే. కాకపోతే రోజు మొత్తంలో ఎవరి నోట్లోకీ తొంగిచూడకుండా గడిపే రెండు గంటలు అవే. అవి పోతే ఇక మిగిలేది చిగుళ్ళే.

ఇంటికి నడుస్తుంటే బామ్మర్ది అన్నాడు: “బావా, నువ్వు మనసు పెట్టి వాయించాలి.”

“ఇన్నాళ్ళూ ఏం పెట్టాన్రా?”

“ఏమో, వేళ్ళు పెట్టావు.”

ముందు తీగలు మార్చారు. తర్వాత స్పీకర్ మొహం గోడకి తిప్పారు. బామ్మర్ది తేనె తాగాడు. ఎక్కడి చెంచాలు అక్కడే ఉన్నాయి. చివరికి పళ్ళాయన తన చేతిలోని పిక్ వైపు చూసుకున్నాడు. కాగితంలా ఉంది. డజను చవకగా వస్తుందని ఏళ్ళ తరబడి అవే కొంటున్నాడు. ఆ టపటప తీగది కాదు, దీనిది.

బజారులో దళసరి నైలాన్ ముక్క తెచ్చాడు. నాదం బాగానే ఉంది గానీ, చెమట పట్టగానే సబ్బుబిళ్ళలా జారి ముందు టేబుల్ వాళ్ళ సూప్‌లో పడింది. నాణెంతో మీటితే తీగ కీచుమని అరిచింది. చెక్క ముక్కయితే పడిశం పట్టినవాడు మాట్లాడినట్టుంది. సరే, మన సరుకే మనకు దిక్కనుకుని, విరిగిన పళ్ళ సెట్లకు అతుకులేసే పొడిని కలిపి ఒక ముక్క పోశాడు. చేతిలో బ్రహ్మాండంగా నిలిచింది, కాసేపటికే మొన చిట్లి తీగ మీద గరగరమంది. అతుకు సరుకు అంతే. అసలు సెట్టులా అచ్చులో బిగించి ఉడికిస్తేనే గట్టిదనం. దానికి ఒక పూట కావాలి. ఆ వారం సెట్ల కోసం ఎదురుచూస్తూ ముగ్గురు పెద్దవాళ్ళు పాలు తాగి బతుకుతున్నారు.

శుక్రవారం అన్నం తింటుండగా ఆయనకు అత్తగారి పాత సెట్టు గుర్తొచ్చింది. ఆవిడకు ఈమధ్యే కొత్తది చేసిచ్చాడు. పాతది అల్మరాలో డబ్బాలో పడి ఉంది. బాగా ఉడికిన సరుకు. ఇన్నేళ్ళు ఆవిడ మాటల ధాటికి తట్టుకున్నది గిటారు తీగకు లొంగుతుందా?

డబ్బాలోంచి తీసి జేబులో వేసుకుంటుంటే భార్య చూసింది. “అమ్మ పళ్ళు ఎక్కడికండీ?”

“మెరుగు పెట్టడానికి.”

అబద్ధం కాదు.

దుకాణంలో, ఆ సెట్టులో అంగిలికి ఆనే భాగాన్ని సన్నరంపంతో కోశాడు. రూపాయి బిళ్ళంత మందం. మూడు మూలలూ గుండ్రంగా తిప్పి, అంచు ఏటవాలుగా అరగదీసి, ఉన్ని చక్రం మీద అద్దంలా మెరిపించాడు. అంగిలి వంపు అలాగే ఉండిపోయింది. బొటనవేలు అందులో సొంత కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. తీగ మీద వేసి చూశాడు. టపటప లేదు, గరగర లేదు. మిగిలిన పళ్ళవరసను ఏమీ ఎరగనట్టు మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.

శనివారం సాయంత్రం హోటలు నిండింది. ఓనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి పాట పల్లవి దాటుతుండగా తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. కొత్త సెట్టు కుడి చిగురుకు ఒరుసుకుని పుండు పడింది. దాన్ని తీసి పాతది పెట్టుకుందామని ఆవిడ డబ్బా తెరిచింది. ఇప్పుడు కొత్తది హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది, నోరు బోసిగా ఉంది, డబ్బా చేతిలో ఉంది.

ముందు టేబుల్ దగ్గర కూర్చుని, మూత తీసి, డబ్బాను అల్లుడి వైపు తిప్పింది. గుర్రపు లాడంలా మిగిలిన పళ్ళు. మధ్యలో ఖాళీ.

పళ్ళాయన వాయిస్తూనే లెక్క వేసుకున్నాడు. ఆపితే హోటలు పోతుంది. ఆపకపోతే, ఆవిడ అంగిలిని ఆవిడ కళ్ళముందే ఆరు తీగల మీదా రుద్దుతూ ఉండాలి. ఆయన ఆపలేదు.

బామ్మర్ది పాట ఆ హాల్లో మొదటిసారి వినబడింది. అంత గొప్పగా ఏమీ లేదు. రెండో చరణంలో శ్రుతి గట్టు దాటింది కూడా. అయినా ప్రతి మాటా వినబడింది. అత్తగారు డబ్బా మూత పెట్టేసి, చివరిదాకా కొడుకునే చూస్తూ కూర్చుంది.

పాట అయ్యాక ఓనరు దగ్గరికొచ్చాడు. “ఇవాళ బాగుంది. ఏం మార్చారు?”

“మనసు పెట్టామండీ” అన్నాడు బామ్మర్ది.

“మనసా, నా మొహమా! అది నా అంగిలి” అంది అత్తగారు, డబ్బా తెరిచి టేబుల్ మీద పెడుతూ.

ఓనరు డబ్బాలోకి చూశాడు, పిక్ వైపు చూశాడు, ఒకడుగు వెనక్కి వేశాడు.

“అది ఇలా ఇవ్వండి అల్లుడుగారూ.”

ఆవిడ ‘గారు’ అని పిలిచిందంటే కొంప మునిగినట్టే. పళ్ళాయన ఇచ్చేశాడు. ఆవిడ ముక్కను పళ్ళ మధ్య ఖాళీలో పెట్టి చూసింది. అంచులు అరిగిపోయి లొడలొడలాడింది.

“అది లేకపోతే రేపు మళ్ళీ చెంచాలేనా?” అని ఓనరు అడిగాడు.

“అంతేనండీ” అన్నాడు పళ్ళాయన.

ఆవిడ ముక్కను దీపం వైపు ఎత్తిపట్టి చూసింది. “ఒరేయ్, ఆ రెండో చరణం ఇంట్లో సాధన చెయ్యి” అంది కొడుకుతో. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. “రేపు పొద్దున్నే నా పుండు సంగతి చూడాలి. పాత సెట్టుకి కొత్త అంగిలి వెయ్యాలి. ఈ ముక్కంటావా, అద్దెకిస్తాను. సాయంత్రానికి యాభై.”

“ముప్ఫై ఇస్తాను అత్తయ్యా.”

“ముప్ఫైకి చిగురొస్తుంది, అంగిలి రాదు.”

కొలువు నిలబడింది. ఆదివారం కొత్త సెట్టు లోపల ఒరుసుకునేచోట కాస్త గీకేసరికి ఆవిడ నోరు కుదుటపడింది, మాటలు యథాప్రకారం సాగాయి. పాతదానికి కొత్త అంగిలి కూడా పడింది. అద్దె మటుకు మొదట్లో వారం వారం ఇచ్చిన పళ్ళాయన, తీగలు కొనాల్సి వచ్చిందని ఈమధ్య ఆపేశాడు. నాలుగు సాయంత్రాల తాలూకు రెండు వందలు అత్తగారికి ఇంకా ఇవ్వాలి.