తొమ్మిదో సాంచ మీద ఎర్ర పోగు

పెద్దబాపు పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను జగిత్యాలలో ఒక పసుపు గోదాములో నిలబడి, దాని యజమానికి నా ఫోనులో సిరిసిల్ల చూపిస్తున్నాను. ఊరిని కాదు, అక్కడ ఒక షెడ్డులో నడుస్తున్న పన్నెండు సాంచాలను. సాంచ అంటే మరమగ్గం. మా వైపు ఎవరూ మరమగ్గం అనరు. తెర మీద పన్నెండు చుక్కలున్నాయి. పన్నెండూ పచ్చగా ఉన్నాయి, అంటే అన్నీ ఏ తేడా లేకుండా నడుస్తున్నట్టు. "చూడుండ్రి సార్, గక్కడ ఏం అయితున్నదో గీడికెంచే తెలుస్తది" అని నేను గొప్పగా చెప్తుండగానే మా అన్న, అంటే పెద్దబాపు కొడుకు, ఫోను చేశాడు.

"బాపు పోయిండే. పొద్దుగాల చాయ్ తాగి, చెప్పులేసుకుందామని గడప మీద కూసున్నడు. మళ్ల లేవలే."

ముప్పై ఏళ్లుగా ఆ సాంచాలను బాగుచేస్తున్న మనిషి పోయాడు. తెర మీద చుక్కలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను. ఇందులో పెద్దబాపు మంచితనం ఎంతుందో నా తప్పు కూడా అంతే ఉంది. మీరు రెండూ వినాలి.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. నాన్న పని వెతుక్కుంటూ కోరుట్లకు వచ్చేశాడు. పెద్దబాపు సిరిసిల్లలోనే ఉండిపోయి, షెడ్డు షెడ్డుకూ తిరుగుతూ సాంచాలు రిపేరు చేసేవాడు. పాత మోపెడ్, దాని హ్యాండిల్‌కు ఒక ఖాకీ సంచి. సంచిలో పానాలు, నూనె డబ్బా, చిరిగిన బనీను గుడ్డ, ఒక ఎర్ర దారపు ఉండ ఉండేవి. చెవి మీద బీడీ ఎప్పుడూ ఉండేది, కానీ షెడ్డులో ఒక్కనాడూ ముట్టించలేదు. అక్కడ గాలిలో కూడా దూది ఉంటుంది మరి. ఆ బీడీని చెవి మీద పెట్టుకునే ఊరంతా తిరిగి, ఇంటికొచ్చి వాకిట్లో కూర్చున్నాకే వెలిగించేవాడు.

సాంచాల చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో దెబ్బతిన్నాయి. మాతో మాట్లాడితే పక్క వీధిదాకా వినిపించేది. పెద్దమ్మ ఏదైనా రహస్యం చెప్పాలంటే పాపం సైగలతో చెప్పుకునేది. కానీ సాంచ దగ్గరికి వెళ్తే మనిషి వేరు. కుడి అరచెయ్యి ఇనుము మీద ఆనించి, కళ్లు సగం మూసి నిలబడేవాడు. "చెవులు పోతే పోయినయ్ బిడ్డ, అరచెయ్యి ఉన్నది" అనేవాడు. కాసేపటికి ఫలానా చోట నట్టు వదులైందనో, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెను కొట్టే కట్టె పగుళ్లు పట్టిందనో చెప్పేవాడు. విప్పి చూస్తే నిజమయ్యేది.

కొన్నిసార్లు ఏమీ చెప్పేవాడు కాదు. చెయ్యి తీసి, ఎర్ర పోగు ఒకటి తుంచి సాంచ పైకడ్డీకి ఒక ముడి వేసి వెళ్లిపోయేవాడు. ఆ ముడికి అర్థం షెడ్డులో అందరికీ తెలుసు. ఈ సాంచ ఏదో చేయబోతోంది, ఏం చేస్తుందో ఇంకా తెలియదు, దీన్ని ఒంటరిగా వదలొద్దు. ముడి ఉన్న సాంచను కార్మికులు కాసేపు నడిపి ఆపేవాళ్లు, చేత్తో తడిమి చూసి మళ్లీ నడిపేవాళ్లు. పెద్దబాపు తిరిగొచ్చి, అసలు జబ్బేమిటో కనిపెట్టి, తన చేత్తోనే ఆ ముడి విప్పేవాడు. ఇంకొకరు విప్పకూడదు. ఎవరు పెట్టిన కట్టుబాటో నాకు తెలియదు. అందరూ పాటించేవాళ్లు.

ఇక నా సంగతి. కోరుట్లలో రెండు గదుల ఆఫీసు మాది. షెడ్లకు, గోదాములకు, దుకాణాలకు క్లౌడ్ సేవలు అమ్ముతాం. అమ్మేటప్పుడు నేను చెప్పే మాటల్లో అబద్ధం లేదు, ఇప్పటికీ అదే చెప్తాను. పన్నెండు సాంచాల ఆసామి పెద్ద పెద్ద కంప్యూటర్లు కొనలేడు, వాటికి ఏసీ గది కట్టలేడు. కొననక్కర్లేదు. ఎక్కడో ఉన్న కంప్యూటర్లలో తనకు కావలసినంత చోటు అద్దెకు తీసుకుంటాడు, పని తగ్గితే తగ్గించుకుంటాడు. సాంచకు అగ్గిపెట్టెంత పెట్టె బిగిస్తే చాలు. మోటారు వేడి, అదురు, ఎన్నిసార్లు ఆగింది, అన్నీ అక్కడికి చేరతాయి. ఒక షెడ్డు సమాచారం దానికదే పెద్దగా ఏమీ చెప్పదు. అనేక షెడ్లది ఒక్కచోట చేరితే అప్పుడు తెలుస్తుంది, ఏ బేరింగు ఎన్నాళ్లకు పోతుందో, ఏ వేళ కరెంటు మందగించి గుడ్డ పాడవుతుందో, నూలు ఎప్పుడు తెప్పించాలో. బిగ్ డేటా అని మేం గొప్పగా పిలిచేది దీన్నే. మా పెట్టెలు బిగించిన షెడ్లలో బడిపిల్లల యూనిఫాం గుడ్డ చెప్పిన రోజుకు వెళ్లిపోయింది. యజమానులు సంతోషించారు.

పెద్దబాపు దీన్ని అడ్డుకుంటాడని అనుకున్నాను. ఆయన నా పెట్టె మీద కూడా అరచెయ్యి ఆనించి, నవ్వాడు.

"గీ పనే గదనే నేను చేసేది. ఒక షెడ్డుల సాంచకు జబ్బు చేస్తే పది షెడ్లకు పోయి చెప్తున్న. నువ్వు మోపెడ్ లేకుంట చెప్తున్నవ్."

ఆ మాటకు నేను పొంగిపోయాను. ఆయన వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "గని సాంచ దానంతట అదే ఆగిందా, మనిషి భయపడి ఆపిండా, గిది నీ పెట్టెకు ఎట్ల ఎరుక?"

దానికి నా దగ్గర జవాబుంది. సాంచ ఆగగానే కార్మికుడి ఫోను కారణం అడుగుతుంది. పోగు తెగింది, కండె అయిపోయింది, కరెంటు పోయింది, మనిషి లేడు. నాలుగింటిలో ఒకటి ఒత్తితే చాలు. ఆ జాబితా తయారుచేసింది నేనే. కోరుట్లలో ఫ్యాను కింద కూర్చుని ఒక మధ్యాహ్నంలో తయారుచేశాను.

పెద్దబాపు నాలుగూ విని మోపెడ్ స్టార్టు చేశాడు.

ఆ పన్నెండు సాంచాల షెడ్డు యజమానికి కోరుట్లలోనే విత్తనాల దుకాణం ఉంది. దుకాణంలో కూర్చునే సిరిసిల్లలో సాంచాలను చూసుకోవచ్చని మా సేవ తీసుకున్నాడు. వారంవారం నేను నివేదిక పంపేదాన్ని. ఒక నివేదికలో నాలుగో సాంచ అన్నిటికన్నా ఎక్కువసార్లు ఆగినట్టు వచ్చింది. కారణం ప్రతిసారీ ఒకటే: మనిషి లేడు. ఆ సాంచ నడిపేది కనకయ్య, పెద్దబాపు వయసువాడే. ఆయన పక్కకు పోయి కూర్చుంటున్నాడని సేటు, అంటే ఆ యజమాని, అనుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. సేటు ఫోనులోనే కనకయ్యను కసిరి, సాంచ ఆపకుండా నడపమన్నాడు. "ఎర్ర పోగున్నది సేటు" అని కనకయ్య అంటే, "కత్తిరిచ్చి పారేయ్" అన్నాడట. పెద్దబాపు ఆ వారం వేరే ఊళ్లో పెళ్లికి వెళ్లాడు. పోగు కత్తిరించారు.

నాలుగు రోజులకు ఆ సాంచలోంచి నాడె ఎగిరింది. ఇనుప ముక్కున్న కట్టె అది, అంత వేగంలో బయటికి వస్తే ఆపేది ఏదీ ఉండదు. సాంచాలకు నూలు కండెలు అందించే లచ్చవ్వ గంప ఎత్తుకుని అటుగా వస్తుంటే ఆమె ఎడమ కంటికి తగిలింది. ఆ కన్ను మళ్లీ రాలేదు.

నేను వెళ్లేసరికి షెడ్డులో సాంచాలన్నీ ఆపేశారు. అన్నీ ఆగిన షెడ్డును నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. కింద కండెలు దొర్లి ఉన్నాయి, వాటిని ఎవరూ ఎత్తలేదు. నా ఫోనులో చూసుకుంటే ఆ నిమిషం కూడా నమోదై ఉంది. నాలుగో సాంచ ఆగింది. కారణం: పోగు తెగింది. ఆ కంగారులో ఎవరి వేలో తగిలి అలా పడింది.

పెద్దబాపు తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన ఆ నాడెను బనీను గుడ్డతో తుడిచి పక్కన పెట్టి, నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజే మొదటిసారి ఆయన నాతో నెమ్మదిగా మాట్లాడాడు.

"నీ పెట్టె తప్పు చెప్పలే బిడ్డ. కనకయ్యకు నువ్వు నాలుగు మాటలే ఇచ్చినవ్. ఐదోది ఉంటే గదే ఒత్తుతుండె."

జాబితాలో ఎర్ర పోగును ఐదో కారణంగా చేరుస్తానని అప్పుడే మాటిచ్చాను. అంతకంటే ఎక్కువే చేద్దామనుకున్నాం. ఎక్కడ పోగు కట్టినా ఆయన నాకు ఫోను చేసి ఎందుకు కట్టాడో, అరచేతికి ఏం తగిలిందో చెప్పాలి. పెట్టె పంపిన లెక్కల పక్కన నేను ఆ మాట రాయాలి. అలా అన్ని షెడ్లవీ పోగైతే కొన్నాళ్లకు ఆయన చెయ్యి గుర్తుపట్టేది కంప్యూటరు కూడా గుర్తుపడుతుంది. లెక్కలు మా దగ్గర ఎన్ని గుట్టలు పడినా, ఇది ఫలానాది అని పేరు పెట్టే మనిషి లేకపోతే వాటితో ఏం చేస్తాం? ఆ మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

మొదట్లో బాగానే నడిచింది. ఆయన సిరిసిల్ల నుంచి అరుస్తుంటే నేను కోరుట్లలో ఫోను చెవికి దూరంగా పెట్టుకుని రాసుకునేదాన్ని. "ఇయ్యాల దాని అదురుల ఎలితి ఉన్నది, ఏదో తక్కువైతున్నది, రాస్కో" అనేవాడు. "మోటారు మంచిగనే ఉన్నది, కింద నేల కుంగుతున్నది, రాస్కో." ఒక నోటుబుక్కులో సగందాకా నిండింది. తర్వాత జగిత్యాల పసుపు గోదాముల పని వచ్చింది, మామిడి మండీల వాళ్లు పిలిచారు. ఆయన ఫోను చేస్తే, "వచ్చే వారం పెద్దబాపు, అప్డేట్‌ల అన్నీ ఒక్కసారే ఎక్కిస్త" అనేదాన్ని. వచ్చే వారాలు చాలా వచ్చాయి.

"నేనున్నప్పుడే పెట్టు బిడ్డ" అన్నాడు ఒకరోజు. "నేను లేనంక పెడితే ఎవల్ని అడుగుతవ్?"

నేను నవ్వి, నీకేమైంది అన్నాను. పోయిన నెల సిరిసిల్ల వెళ్లినప్పుడు వాకిట్లో మంచం మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బీడీ చెవి మీదే ఉంది. కుడి అరచెయ్యి ఎదురు రొమ్ము మీద ఆనించి, కళ్లు సగం మూసుకున్నాడు. ఆ కూర్చోవడం నాకు తెలిసినదే, సాంచ దగ్గర వందసార్లు చూశాను. "ఏంది పెద్దబాపు?" అని అరిచి అడిగితే, చెయ్యి తీసేసి, "ఏం లే, చాయ్ తాగుతవా?" అన్నాడు. తాగాను. వచ్చేశాను. ఆసుపత్రికి పోదాం పద అని అనలేదు. నన్ను నేను క్షమించుకోలేనివి రెండున్నాయి, వాటిలో ఇదొకటి.

మూడో రోజు ఆయన పేరున పిట్టకు ముద్ద పెట్టిన తర్వాత, ఇంట్లో ఉండబుద్ధి కాక షెడ్డుకు వెళ్లాను. పన్నెండు సాంచాలూ నడుస్తున్నాయి. నా ఫోనులో పన్నెండు పచ్చ చుక్కలు. కనకయ్య నన్ను చూసి తొమ్మిదో సాంచ దగ్గరికి తీసుకుపోయాడు. దాని పైకడ్డీకి ఎర్ర పోగు ముడి ఉంది.

"సచ్చిపోయే ముందట్రోజు కట్టిండు" అని నా చెవి దగ్గర అరిచాడు. "ఎందుకే అని అడుగుతే, రేపచ్చి చెప్త అన్నడు."

నాకు గోదాము గుర్తొచ్చింది. యజమానికి చూపించిన చుక్కల్లో తొమ్మిదోది కూడా పచ్చగానే ఉంది. వేడి చూశాను, అదురు చూశాను, నెల రోజుల గీతలన్నీ అక్కడే నిలబడి చూశాను. ఎందులోనూ తేడా లేదు. సాంచ అవతల, తను కండెలు పెట్టే చోట లచ్చవ్వ నిలబడి ఉంది. తల కొంచెం పక్కకు తిప్పి, మంచి కంటితో నన్నే చూస్తోంది.

ఆపమని కనకయ్యకు చెప్పాను. ఆయన వెంటనే ఆపాడు, చెప్తానని ఎదురుచూస్తున్నవాడిలా. ఆయన ఫోను కారణం అడిగింది. పోగు తెగింది, కండె అయిపోయింది, కరెంటు పోయింది, మనిషి లేడు. కనకయ్య ఆ ఫోను నా చేతికిచ్చాడు. నాలుగూ చదివాను. నేను మాటిచ్చిన ఐదోది ఇంకా అక్కడ లేదు; క్షమించుకోలేని రెండోది ఇదే. ఏదీ ఒత్తలేకపోయాను.

అంతలోనే కోరుట్ల నుంచి సేటు ఫోను.

"తొమ్మిది ఎందుకు ఆగింది? ఎల్లుండి గుడ్డ పోవాలె."

"పెద్దబాపు పోగు కట్టిండు సేటు."

నాలుగో సాంచ సంగతి ఆయనా మర్చిపోలేదు. "ఎందుకు కట్టిండట?" అన్నాడు.

"తెల్వది."

"తెల్వకుంట ఎన్ని దినాలు ఆపుతవ్ బిడ్డ?"

ఫోను పెట్టేసి, కుడి అరచెయ్యి ఆ ఇనుము మీద ఆనించాను. కళ్లు సగం మూశాను. చుట్టూ పదకొండు సాంచాలు నడుస్తున్నాయి, వాటి అదురు తప్ప నాకేమీ తెలియలేదు. కళ్లు తెరిచేసరికి, ఆగిన సాంచ మీద ఆ ఎర్ర పోగు కొస సన్నగా వణుకుతూనే ఉంది.